పెద్దయ్యగారిని రెండుసార్లు టైపు చేశాను

గూడూరులో నాకొక డీటీపీ షాపు ఉంది. పెళ్ళిపత్రికలు, నిమ్మకాయల మండీల బిల్లు పుస్తకాలు, చర్చిల ఉజ్జీవ సభల కరపత్రాలు, నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు, అప్పుడప్పుడూ పుస్తకాలు. రాసినవాడి తర్వాత ఆ పుస్తకాలను మొదట చదివేది నేనే. కొన్నింటికి ఆఖరి పాఠకురాలిని కూడా నేనే అయి ఉంటాను. అచ్చుతప్పులు దిద్దడం నా పని. అబద్ధాలు దిద్దమని నన్నెవరూ అడగరు. ఆ పద్ధతికి అలవాటు పడిపోయాననే అనుకున్నాను.

చారిత్రక నవలలంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. అద్దె పుస్తకాల షాపులో అవి అయిపోతే గానీ వేరేవి ముట్టుకునేదాన్ని కాదు. వాటిల్లో చర్చి పెద్ద ఎవరైనా రాబోతున్నాడంటే, రాకముందే నాకు మొహం కనిపిస్తుంది. విలనైతే వేళ్ళు లావుగా ఉంటాయి, ఒక వేలికి ఉంగరం ఉంటుంది, చేతిలో ఏదో ఒక గ్లాసు ఉంటుంది, ఆడమనిషి గదిలోకి రాగానే ఆయన కళ్ళు చిన్నవవుతాయి. హీరో అయితే గడ్డం తెల్లగా ఉంటుంది, దీపం పక్కన మోకాళ్ళ మీద ఉంటాడు, కళ్ళల్లో కరుణ తొణికిసలాడుతుంది. ఈ తొణికిసలాడే కరుణను ఎన్నిసార్లు టైపు చేశానో నా వేళ్ళకే తెలియాలి. రోములో పోపు అయినా, ఓడ దిగిన దొర అయినా, మన సముద్రం పక్క పల్లె పాస్టరైనా ఇదే వరస. విలన్, హీరో ఇద్దరిలో ఎవరికీ అజీర్తి చేయదు. ఎవరూ కోడి పోయిందని పక్కింటివాళ్ళతో తగాదా పడరు.

ఇదంతా నాకు నవ్వులాటగానే ఉండేది, మా పెద్దమ్మ ఆ పేజీల్లోకి వచ్చేదాకా.

పెద్దమ్మకు ఎనభై దాటాయి. గూడూరుకు తూర్పున, రొయ్యల గుంటలు దాటుకుని పోతే సముద్రం ఒడ్డున ఆమె పల్లె. ఒక పక్క చేపలు పట్టేవాళ్ళ పాలెం, ఇంకో పక్క మా క్రైస్తవుల ఇళ్ళు, మధ్యలో పెంకుల చర్చి. ఆమెకు మిగిలిన కోరిక ఒక్కటే. పోయేలోగా ఆ చర్చిలో, తనవాళ్ళ మధ్య కూర్చుని, ఒక్కసారి సంస్కారం తీసుకోవాలి. సంస్కారమంటే, నెలకొక ఆదివారం ప్రభువు బల్ల సిద్ధం చేసి రొట్టెముక్క, చిన్న గ్లాసులో ద్రాక్షరసం అందరికీ పంచుతారు. ఆడవాళ్ళు ఆ పూట తెల్లచీర కట్టుకుంటారు. సంఘం శిక్షించిన మనిషికి మాత్రం బల్ల ఉండదు. పెద్దమ్మను పెళ్ళైన కొత్తల్లోనే బల్లకు దూరం పెట్టారు. పెట్టినాయన పోయి ఎంతో కాలమైనా ఆ శిక్ష అట్లాగే ఉంది. ఇంకో ఊళ్ళో తీసుకోవచ్చు కదా అని నేను చాలాసార్లు అన్నాను. "నన్ను లేపింది ఈడ. కూచోబెట్టాల్సిందీ ఈడే" అనేది.

లేపిన పాస్టరును మేమంతా పెద్దయ్యగారు అనేవాళ్ళం. ఆయన వయసు మళ్ళాక నేను చూశాను, నేను అప్పుడు చిన్నపిల్లని. ఎండాకాలంలో కూడా నల్లకోటు వేసుకుని సైకిలు తొక్కేవాడు. కుక్కలంటే చచ్చేంత భయం, కుక్క కనిపిస్తే సైకిలు దిగి దాన్ని అడ్డం పెట్టుకునేవాడు. ఎప్పుడూ లవంగం నమిలేవాడు. సండేస్కూలు పిల్లలకు వాక్యం చెప్పకముందు గోళ్ళు చూసేవాడు. కోళ్ళను పెంచి వాటికి ఇశ్రాయేలు రాజుల పేర్లు పెట్టేవాడు, చెడ్డ రాజుల పేర్లున్నవి ముందు కూరలోకి పోయేవి. ఆయన ఒప్పుకోకపోతే మా ఇళ్ళల్లో పెళ్ళి కుదిరేది కాదు. తాలూకా ఆఫీసు బంట్రోతు ఆయన్ను చూస్తే బీడీ పారేసేవాడు. నాకాయనంటే భయమూ ఉండేది, ఆయన జేబులోంచి వచ్చే లవంగం వాసన ఇష్టంగానూ ఉండేది.

నేను పుట్టకముందు ఒక తుఫాను వచ్చింది. పాలెం గుడిసెలన్నీ లేచిపోతే పెద్దయ్యగారు చర్చి తలుపులు తీసి వాళ్ళందరినీ లోపలికి తెచ్చాడు. నడవలేని ముసలివాళ్ళను భుజాన వేసుకుని తెచ్చాడు. గంగమ్మకు మొక్కేవాళ్ళను ప్రార్థన మందిరంలో ఎట్లా పడుకోబెడతారని అడిగిన సంఘ పెద్దను, అయితే నువ్వు బయట పడుకోమని వానలోకి పంపించాడట. పాలెంలో ముసలివాళ్ళు ఇప్పటికీ ఆయన పేరు చెప్పి చేతులు జోడిస్తారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు జరిగింది పెద్దమ్మ సంగతి. మా పెదనాన్న దర్జీ. చొక్కాల కంటే పడవల తెరచాపలే ఎక్కువ కుట్టేవాడు. కొత్త తెర గాలికి ఎట్లా నిలుస్తుందో చూద్దామని ఒకరోజు పాలెంవాళ్ళతో పడవెక్కాడు. మధ్యాహ్నానికి గాలి మారింది. పడవలు రాలేదు. మర్నాడు కూడా రాలేదు. పాలెం ఆడవాళ్ళంతా ఒడ్డుకు చేరి గంగమ్మకు పొంగలి పెట్టారు. పెద్దమ్మ ఇంట్లో ఒక్కతే కూర్చోలేక వాళ్ళ దగ్గరికి పోయింది. వాళ్ళు ఏడుస్తుంటే ఏడ్చింది. ఎవరో పొంగలి కుండ నెత్తిన పెడితే మోసింది. ఇంకా పొద్దు కుంకకముందే పడవలు ఒడ్డు చేరాయి, పెదనాన్న తెరచాప చింపుకుని దిగాడు.

కుండ మోసిన సంగతి పెద్దయ్యగారికి తెలియకుండా ఉంటుందా? మా సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. తప్పు చేసిన మనిషి సంస్కారానికి ముందు అందరి ఎదుట నిలబడి, తప్పు చేశాను అని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే అంతటితో సరి, చేయి పట్టుకుని కూర్చోబెడతారు. తాగుబోతులు, దొంగసాక్ష్యాలు చెప్పినవాళ్ళు, పెళ్ళాలను కొట్టినవాళ్ళు అందరూ ఆ ఒక్క ముక్కా చెప్పి కూర్చున్నారు. పెద్దమ్మ లేచి నిలబడి, "భయపడినా అయ్యగారా. అది నిజం, ఎంతమంది ముందరైనా చెప్తా. తప్పు చేసినా అని మాత్రం చెప్పలేను. వాళ్ళు ఏడస్తా ఉంటే వాళ్ళతో ఏడవటం తప్పని నాకు అనిపించలే" అన్నది. ఆయన మళ్ళీ అడిగాడు. ఆమె అదే చెప్పింది. అయితే వసారాలో కూర్చో అన్నాడు.

ఇద్దరూ మొండివాళ్ళే. ఆయన పోయేదాకా మాట వెనక్కి తీసుకోలేదు, ఆమె ఆ ఒక్క ముక్కా అనలేదు. తర్వాత వచ్చిన అయ్యగార్లెవరికీ పెద్దయ్యగారి మాట తీసేసే ధైర్యం లేకపోయింది. సంస్కారపు ఆదివారం పెద్దమ్మ అందరిలాగే తెల్లచీర కట్టుకుని వస్తుంది, పాటలు పాడుతుంది, పళ్ళెం పైకెత్తగానే లేచి వసారాలోకి పోయి కూర్చుంటుంది. చిన్నప్పుడు ఆమెతో పాటు నేనూ పోయి ఆమె ఒళ్ళో కూర్చునేదాన్ని. వసారా అంటే చెడ్డచోటని అప్పుడు నాకు తెలియదు.

ఈ కథను నవలగా రాస్తానని మొదట వచ్చినాయన నెల్లూరులో లెక్చరరు. మంచి మాటకారి. పెద్దమ్మ ఇంట్లో చేపల పులుసుతో అన్నం తిని, ఫోను రికార్డింగులో పెట్టి, ఆమె చెప్పిందంతా విన్నాడు. ఆమె దాచుకోకుండా చెప్పింది. బయటివాళ్ళెవరికీ చెప్పని సంగతి ఒకటి కూడా చెప్పింది. సంస్కారానికి ద్రాక్షరసం పెళ్ళైనప్పటి నుంచీ ఆమే తయారుచేసేది. ఎండుద్రాక్ష నానబెట్టి, కాచి, పిసికి, గుడ్డలో వడకట్టేది. బల్లకు దూరం పెట్టాక ఆ పని ఇంకెవరికో పోతుంది అనుకుంది. శనివారం సాయంత్రం పెద్దయ్యగారే సైకిలు మీద వచ్చి ఎండుద్రాక్ష పొట్లం అరుగు మీద పెట్టి, "రేపు సంస్కారం. పులవకుండా చూడు" అని పోయాడు. ఆ తర్వాత ప్రతి నెలా అంతే, ఆయన పోయేదాకా. ఆమె చేసిన రసం ఊరంతా తాగేది, ఆమె తాగేది కాదు. ఆ శనివారాలు నాకు గుర్తే. పిండిన పిప్పి నాకు పెట్టేది, ఒక్క చుక్క తన నాలుక మీద వేసుకోగా నేను చూడలేదు. "అది ప్రేమో పొగరో నాకు ఇంతవరకూ తెలవలే నాయనా" అని నా ఎదుటే లెక్చరరుతో అన్నది. ఆయన ఆహా అన్నాడు.

ఏడాది తిరిగేసరికి నవల నా షాపుకే వచ్చింది. పేర్లు మార్చాడు గానీ నల్లకోటు, సైకిలు, కోళ్ళు అన్నీ ఉన్నాయి. లావు వేళ్ళు కొత్తగా వచ్చాయి. ఉంగరం వచ్చింది. పెద్దమ్మ పద్దెనిమిదేళ్ళ అందగత్తె అయింది. పదో అధ్యాయంలో చర్చి వెనక గదిలో పాస్టరు ఆమె చెయ్యి పట్టుకుంటాడు, ఆమె విదిలించుకుంటుంది, ఆ కోపంతో వెలి వేస్తాడు. పొంగలి కుండ వట్టి సాకు. తుఫాను లేదు. ఎండుద్రాక్ష పొట్లం లేదు. నేను టైపు చేస్తూ ఆ పేజీ దగ్గర ఆగి బయటికి పోయి మొహం కడుక్కుని వచ్చాను. చెయ్యి పట్టుకున్న చోట ఆమె రవిక గురించి నాలుగు వాక్యాలున్నాయి. వెలి వేసినాయన మీద కోపం రావాల్సిన చోట ఈ రాసినాయన మీద రోత పుట్టింది.

ఫోను చేశాను. "సార్, ఇట్లా జరగలేదని మా పెద్దమ్మే చెప్పింది కదా" అన్నాను.

"చరిత్ర చెప్పలేని నిజాన్ని నవల చెప్పాలమ్మా. అధికారంలో ఉన్న మతం ఆడవాళ్ళను ఏం చేసిందో లోకానికి తెలియాలి."

"మరి ఎండుద్రాక్ష సంగతి?"

"అది పెడితే వాడి మీద జాలి పుడుతుంది. పాఠకుడు గందరగోళపడతాడు" అన్నాడు. ఆడవాళ్ళ మీద ఆయనకున్న గౌరవం గురించి ఇంకా కాసేపు చెప్పాడు. పుస్తకం మంచి పేరే తెచ్చుకుంది. సాహసోపేతం అన్నారు.

పెద్దమ్మకు ఆ అధ్యాయం నేనే చదివి వినిపించాను. ఇంకెవరో చెప్తే వినడం కంటే అది నయం అనుకున్నాను. మొదట పకపకా నవ్వింది. "పెద్దయ్యగారికి నా మీద మనసా? ఆయన మనసంతా కట్టుబాట్ల మీద, కోళ్ళ మీదే గదా మే" అన్నది. తర్వాత కాగితాలు పక్కకు నెట్టింది. "చెయ్యి పట్టుకుంటే ఏ ఆడదైనా కాదంటది. దాంట్లో నా గొప్పేముండాది? నేను ఎందుకు కాదన్నానో ఆ మాటే లేకుండా చేసినాడే" అన్నది. అంత పెద్దావిడ కళ్ళనీళ్ళు పెట్టుకోవడం చూసి ఆ లెక్చరరు దొరికితే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

రెండో పుస్తకం దానికి జవాబుగా వచ్చింది. చర్చి జూబిలీ దగ్గర పడింది. సంఘం సెక్రటరీకి మనుబోలులో ఎరువుల షాపు ఉంది, అంతో ఇంతో రాస్తాడు. పెద్దయ్యగారి మీద పడ్డ మచ్చ తుడవాలని ఆయన కంకణం కట్టుకున్నాడు. ఆ పుస్తకం కూడా నా దగ్గరికే వచ్చింది. చారిత్రక నవల అని అట్ట మీద పెద్దక్షరాలతో వేయించాడు. అట్ట బొమ్మకు జువ్వలదిన్నె హార్బరు ఫొటో ఇచ్చాడు. కాంక్రీటు గట్టు మీద తెల్లగడ్డంతో పెద్దయ్యగారు నిలబడి ఉంటాడు. ఆ కాలంలో కాంక్రీటు గట్టు ఎక్కడిది, పెద్దయ్యగారికి గడ్డం ఎక్కడిదీ అని అడిగితే, "చూడగానే భక్తి పుట్టాల గదక్కా" అన్నాడు.

లోపల తొణికిసలాడే కరుణ ఏ పేజీ తిప్పినా ఉంది. తుఫానులో చేతులెత్తగానే గాలి ఆగుతుంది. ముసలివాళ్ళను భుజాన మోసుకొచ్చింది మాత్రం లేదు. సంఘ పెద్దను వానలోకి పంపింది అసలే లేదు, ఎందుకంటే ఆ సంఘ పెద్ద ఈ సెక్రటరీకి మేనమామ. నాకు నిజంగా నచ్చిన పెద్దయ్యగారు ఆ వానలో ఉన్నాడు, ఆయన్నే తీసి పారేశారు. కోళ్ళు పావురాలయ్యాయి. కుక్కలంటే భయపడే మనిషి పాదాల దగ్గర ఒక కుక్క పడుకుని ఉంటుంది. లెక్చరరు పుస్తకం చదివినప్పుడు కోపం వచ్చింది. ఇది టైపు చేస్తుంటే పాయసంలో చక్కెర మీద చక్కెర పోసి నోట్లో కుక్కినట్టు వెగటు పుట్టింది.

ఆఖరి అధ్యాయంలో మళ్ళీ పెద్దమ్మ. పెద్దయ్యగారు మరణశయ్య మీద ఉంటాడు. విగ్రహాలకు మొక్కి చెడిపోయిన స్త్రీ వచ్చి ఆయన పాదాల మీద పడి, తప్పు చేశానని భోరున ఏడుస్తుంది. ఆయన కన్నీళ్ళతో ఆమెను లేపి, వణికే చేత్తో రొట్టె విరిచి ఆమె నోట్లో పెట్టి, కన్నుమూస్తాడు. ఇది జరగలేదు. పెద్దయ్యగారు నెల్లూరు ఆస్పత్రిలో పోయాడు, పెద్దమ్మను ఎవరూ తీసుకుపోలేదు. ఆమె బస్సు ఎక్కి పోయేసరికి అంతా అయిపోయింది.

సెక్రటరీ పేజీలు చూసుకోవడానికి వచ్చినప్పుడు అడిగాను. ఎండుద్రాక్ష సంగతి అయినా పెట్టమన్నాను, అది పెద్దయ్యగారికి గౌరవమే కదా అన్నాను. ఆయన చెవులు మూసుకున్నంత పని చేశాడు. "శిక్షలో ఉండే మనిషి చేసిన రసం సంఘమంతా తాగిందని అచ్చేస్తే రేపు ఎవరైనా అడగరా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు.

"నువ్వు ఊరికే కోప్పడతా ఉండావు. ఇదంతా పెద్దమ్మ మంచికే గదా. పెద్దయ్యగారి మాట తీసేసే అధికారం మాకెవరికీ లేదు. ఆయనే క్షమించి రొట్టె పెట్టినాడని పుస్తకంలో ఉంటే ఇంక అడ్డేముండాది? ఆవిష్కరణ రోజు ఆమె స్టేజీ మీద అవునంటే చాలు, వచ్చే సంస్కారంలోనే కూర్చోబెడతాం. కమిటీలో అందరూ ఒప్పుకున్నారు."

నవల అని అట్ట మీద తన చేత్తో వేయించుకున్న మనిషి, దాన్ని సంఘం రికార్డు చేసుకుంటున్నాడు. జరగనిది తామే రాసుకుని, రాసి ఉంది కాబట్టి జరిగింది అంటున్నారు. బతికున్న మనిషిని కూర్చోబెట్టడానికి చచ్చిపోయినాయన చేత అబద్ధపు రొట్టె పెట్టించాలి. తాము తలుపు తీస్తే తమ చెయ్యి ఎక్కడ మాసిపోతుందో అని భయం. ఇంత పిరికితనాన్ని కరుణ అని అచ్చు వేయించుకోవడం చూసి నాకు అసహ్యం వేసింది. ఆ మాటే చెప్పాను. "నువ్వు టైపు చేస్తే చాలక్కా" అన్నాడు.

పని వదిలేద్దామనుకున్నాను. వదిలేస్తే ఇంకో షాపుకు పోతుంది, పెద్దమ్మకు స్టేజీ మీదే తెలుస్తుంది. అందుకే కాగితాలు పట్టుకుని పల్లెకు పోయి ఆ అధ్యాయం చదివాను. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని ఎండుచేపలు ఏరుతూ వింది. "పెద్దయ్యగారు ఏడ్చినాడా? ఎవరన్నా చూసినారా ఆయన ఏడవటం?" అని నవ్వింది. సెక్రటరీ చెప్పింది కూడా చెప్పాను. నవ్వు ఆగిపోయింది. చేతిలో చేప అట్లాగే ఉంది.

"అవునంటే బల్ల ఇస్తారంటనా?"

"ఇస్తారట. కానీ అది అబద్ధం పెద్దమ్మా. నువ్వు ఆయన కాళ్ళ మీద పడినట్టు, తప్పు చేసినా అన్నట్టు రాసినారు. నువ్వు ఎప్పుడూ అనలేదు కదా."

"అనలే."

"మరి?"

ఆమె నా వైపు చూడకుండా చేపలు ఏరింది. "నాతో పాటు తెల్లచీర కట్టినోళ్ళు ఒక్కరు కూడా లేరు మే. అందరూ మన్నులో ఉండారు. నేను ఎవరి కోసం నిజం పట్టుకుని కూచోవాల?" అన్నది. ఆమె మీద కోపం వచ్చింది, ఆ కోపం వచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది. బల్ల దగ్గర నెలనెలా కూర్చునేదాన్ని, ఆమెకు నేనేం చెప్పగలను?

ఆవిష్కరణ చర్చి ఆవరణలోనే జరిగింది. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, అందరి కడుపులూ అదిరేంత పెద్ద స్పీకర్లు. పెద్దయ్యగారి ఫ్లెక్సీకి, నేను తయారుచేసిన ఫ్లెక్సీకే, పూలదండ వేశారు. ఒక్కొక్కరే లేచి ఆయన్ను దేవదూత చేశారు. పాలెం నుంచి వచ్చిన ముసలాయన ఒకడు, తన నాయనను ఆయన భుజాన వేసుకుని తెచ్చాడని చెప్పబోతే, టైము లేదని మైకు తీసుకున్నారు. సెక్రటరీ ఆఖరి అధ్యాయం గొంతు వణికిస్తూ చదివాడు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. తెల్లచీరలో పెద్దమ్మ స్టేజీ మీద కుర్చీలో ముడుచుకుని కూర్చుని ఉంది. చెడిపోయిన స్త్రీ అన్న మాట దగ్గర సెక్రటరీ మర్యాదగా ఆమె వైపు చేయి చూపించాడు.

"ఇదంతా నిజమే గదామ్మా?" అని మైకు ఆమె నోటి దగ్గర పెట్టాడు.

ఆమె మైకును చూసింది. నా కోసం కుర్చీల్లో వెతికింది కాబోలు, నేను తల దించుకున్నాను. "అవును నాయనా" అన్నది. అంతే. చప్పట్లు మోగాయి. ఎవరో హల్లెలూయ అన్నారు. నేను షామియానా వెనక్కి పోయి గోడ పట్టుకుని నిలబడ్డాను. లెక్చరరు ఆమె రవిక గురించి రాసినప్పుడు కూడా నాకింత రోత పుట్టలేదు. ఆయన ఆమె నోట్లో మాట పెట్టి కాగితం మీద వదిలేశాడు. వీళ్ళు ఆమె నోటితోనే పలికించుకున్నారు.

సంస్కారపు ఆదివారం నేను గూడూరు నుంచి తెల్లవారే బయలుదేరి పోయాను. పెద్దమ్మ ముందు బెంచీలో కూర్చుని నా కోసం పక్కన చోటు పెట్టింది. కొత్త తెల్లచీర. ఇప్పటి అయ్యగారు ఆమెను సంఘంలోకి ఆహ్వానిస్తున్నామని చెప్పాడు, అందరూ మెడలు చాచి చూశారు. ఫోన్లు లేచాయి. పళ్ళెం పట్టుకుని వచ్చింది సెక్రటరీనే. ముందు ఆమెకే ఇచ్చాడు.

ఆమె రెండు చేతులతో పళ్ళెం తీసుకుంది. రొట్టెముక్కల వైపు చూసింది, చిన్నపిల్ల చూసినట్టు. తర్వాత పళ్ళెం నా చేతుల్లో పెట్టింది. తీసుకోలేదు. చూసుకోలేదేమో అనుకుని సెక్రటరీ వంగి, "తీసుకోమ్మా, నీకే" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. గ్లాసుల పళ్ళెం వచ్చినప్పుడూ అంతే. ఎవరూ లేపలేదు, ఆమె లేవలేదు, బెంచీలోనే కూర్చుని ఉంది. నా నోట్లో రొట్టె ఎటూ పోకుండా ఉండిపోయింది.

ఆరాధన అయ్యాక సెక్రటరీ మెట్ల దగ్గర పట్టుకున్నాడు. మొహం ఎర్రగా ఉంది. "ఏందమ్మా ఇది? నీ కోసం ఇంతమందిమి ఇంత చేస్తిమే. పుస్తకంలో రాస్తిమి, స్టేజీ ఎక్కిస్తిమి. ఇంక నీకు అడ్డం చెప్పేవాడు ఎవడుండాడు?"

పెద్దమ్మ చెప్పులు వేసుకోవడానికి నా భుజం పట్టుకుంది.

"ఎవరూ లేరు నాయనా. అబద్ధం చెప్పి లోపలికొచ్చినా గదా" అన్నది. "బయట కూచున్నన్నాళ్ళూ అది నా బల్లే అనుకున్నా. ఈపొద్దే కాకుండా పోయింది."